బైలడిల్లా ఖనిజం, ధరల బాట: ట్రెండ్ అనుసరణ ఎలా పనిచేస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, దంతేవాడ జిల్లాలో ఒక కొండల వరుస ఉంది. దూరం నుంచి చూస్తే ఎద్దు మూపురంలా కనిపిస్తుంది కాబట్టి దానికి బైలడిల్లా అని పేరు వచ్చిందంటారు. ఆ కొండల్లో దొరికే ఇనుప ఖనిజం దేశంలోని మేలైన రకాల్లో ఒకటి. కిరండూల్‌లో గూడ్సు బండ్లకెత్తిన ఖనిజం జగ్దల్‌పూర్, అరకు మీదుగా సొరంగాలు దాటుకుంటూ కొత్తవలస చేరుతుంది. అక్కడి నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికీ, విశాఖపట్నం ఓడరేవుకూ వెళుతుంది. ఆ గనుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ 1958లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఖనిజం బస్తర్‌ది. దాని ధరను నడిపించే శక్తులు మాత్రం బస్తర్‌లో లేవు. చైనాలో ఎన్ని ఇళ్ళు కడుతున్నారు, బ్రెజిల్ గనుల్లో ఏం జరిగింది, ఆస్ట్రేలియా రేవుల నుంచి ఎన్ని ఓడలు కదిలాయి అన్న విషయాల మీద అది ఆధారపడుతుంది. ఆ ధర ఒక్కోసారి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఒకే దిక్కుకు నడుస్తుంది. అలా నడిచే ధర వెంటే నడవడం ఒక వ్యాపార పద్ధతి. దాన్నే ట్రెండ్ ఫాలోయింగ్, అంటే ధోరణి అనుసరణ అంటారు. వినడానికి తేలిగ్గా ఉన్నా దీని వెనుక కొంత గణితం, కొంత మనస్తత్వ శాస్త్రం, దాదాపు వందేళ్ళ వాదోపవాదాలు ఉన్నాయి.

ఏడాదికొక ధర నుంచి రోజుకొక ధరకు

బైలడిల్లా ఖనిజం మొదట జపాన్ ఉక్కు కర్మాగారాల కోసం తవ్వినది. 1960లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. 1960ల చివర గనీ, రైలు మార్గమూ రెండూ సిద్ధమయ్యాయి. ఆ కాలంలో ప్రపంచమంతటా ఇనుప ఖనిజం ధర ఏడాదికి ఒకసారి నిర్ణయమయ్యేది. పెద్ద గనుల యజమానులూ, పెద్ద ఉక్కు కంపెనీలూ కూర్చుని బేరమాడుకునేవారు. కుదిరిన ధర ఏడాది పొడవునా చెల్లేది.

2010లో ఆ పద్ధతి పోయింది. ముందు మూడు నెలలకొకసారి ధర మారడం మొదలైంది. క్రమంగా రోజువారీ సూచీలే ఆధారమయ్యాయి. చైనా రేవుకు చేరిన, 62 శాతం ఇనుము ఉన్న పొడి ఖనిజం టన్ను ధర ప్రపంచానికి కొలబద్ద అయింది. సింగపూర్‌లోనూ, 2013 అక్టోబరు నుంచి చైనాలోని డాలియన్ ఎక్స్ఛేంజిలోనూ ఇనుప ఖనిజం ఫ్యూచర్స్ వ్యాపారం సాగుతోంది. ఫ్యూచర్స్ అంటే ముందు ముందు ఒక తేదీన ఫలానా ధరకు కొంటామనో అమ్ముతామనో ఈ రోజే చేసుకునే ఒప్పందం. గనిని కళ్ళతో చూడనివారు కూడా ఆ ఒప్పందాన్ని కొనవచ్చు, అమ్మవచ్చు.

ఆ తర్వాత ధర నడిచిన తీరు గమనించదగ్గది. 2011 తొలి నెలల్లో టన్ను 190 డాలర్ల దగ్గర ఉన్న ధర 2015 డిసెంబరు నాటికి 40 డాలర్ల కిందికి దిగింది. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాడీన్యూ వద్ద గని వ్యర్థాల ఆనకట్ట తెగి భారీ ప్రాణనష్టం జరిగింది. సరఫరా తగ్గి ధర పెరిగింది. 2021 మే నెలలో 230 డాలర్లు దాటింది. అదే ఏడాది నవంబరులో మళ్ళీ 90 డాలర్ల కిందికి వచ్చింది. పెద్ద కదలికలు ఒక్క రోజులో ముగిసిపోలేదు. సాగుతూ సాగుతూ వచ్చాయి. ధోరణిని అనుసరించేవారికి కావలసింది ఆ సాగుదలే.

జోస్యం కాదు, అనుసరణ

మార్కెట్లో వ్యాపారం చేసేవారిని స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. మొదటివారు వస్తువు అసలు విలువ ఎంతో లెక్కగట్టి, ధర అంతకంటే తక్కువైతే కొంటారు. రెండోవారు ధర బాగా పెరిగితే తగ్గక తప్పదని అమ్ముతారు, బాగా తగ్గితే పెరగక తప్పదని కొంటారు. ధోరణిని అనుసరించేవారు మూడో రకం. వీరు విలువ గురించి అడగరు, రేపటి గురించి చెప్పరు. ధర కొంతకాలంగా పెరుగుతూ ఉంటే కొంటారు. తగ్గుతూ ఉంటే ఉన్నది అమ్మేస్తారు. ఫ్యూచర్స్‌లో అయితే ముందు అమ్మి, ధర దిగాక కొని లెక్క మూసుకుంటారు. ఏ ఎండకా గొడుగు పట్టడం అన్నమాట. సామాన్య జీవితంలో ఆ మాట నిందగా వాడతాం. ఈ వ్యాపారంలో అదే నియమం.

ఈ పద్ధతిలో మూడు నియమాలు ముందే రాసిపెట్టుకుని ఉండాలి. ఎప్పుడు ప్రవేశించాలి, ఎప్పుడు బయటికి రావాలి, ఎంత సొమ్ము పెట్టాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా అది పద్ధతి అనిపించుకోదు, ఊహ మాత్రమే.

చలన సగటు: ఒక చిన్న లెక్క

ధోరణిని గుర్తించడానికి ఎక్కువగా వాడే సాధనం చలన సగటు. గడచిన కొన్ని రోజుల లేదా నెలల ధరల సగటు తీసి, కొత్త ధర వచ్చిన ప్రతిసారీ పాత ధరను వదిలేస్తూ పోతే వచ్చేదే చలన సగటు. ఇది చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళను చదును చేస్తుంది.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక వస్తువు ధర అయిదు నెలల్లో వరుసగా 100, 104, 109, 107, 112 రూపాయలు. సగటు 106.4. తాజా ధర 112 సగటు కంటే పైన ఉంది కాబట్టి నియమం ప్రకారం కొనాలి. తర్వాతి నెల ధర 118, సగటు 110. ఆపై నెల ధర 121, సగటు 113.4. కొన్నది ఉంచుకోవాలి. తర్వాత ధర 115కు తగ్గింది, సగటు 114.6. ఇంకా పైనే ఉంది, ఉంచుకోవాలి. ఆ తర్వాత ధర 110, సగటు 115.2. ధర సగటు కిందికి జారింది కాబట్టి అమ్మేయాలి.

ఇందులో మూడు పాఠాలున్నాయి. మొదటిది, 100 దగ్గర మొదలైన ధరను 112 దగ్గర కొన్నారు. అంటే ఆలస్యంగా ప్రవేశించారు. రెండోది, 121 దగ్గర అమ్మలేదు, 110 దగ్గర అమ్మారు. అంటే ఆలస్యంగా బయటికొచ్చారు. సగటు ఎప్పుడూ గతం నుంచే పుడుతుంది కాబట్టి ఈ ఆలస్యం తప్పదు. మూడోది, ఇంత చేసీ చివరికి 2 రూపాయలు నష్టం వచ్చింది. మరి ప్రయోజనం ఏమిటి? ఆ వస్తువు ధర అక్కడి నుంచి 70కి పడిపోయిందనుకుందాం. నియమం లేకుండా పట్టుకుని కూర్చున్నవారికి 42 రూపాయలు పోయాయి. నియమం ఉన్నవారికి 2 రూపాయలే పోయాయి. ధర 121 నుంచి 180 దాకా వెళ్ళి ఉంటే, వారు ఆ దారి పొడవునా దానితోనే ఉండేవారు. ధోరణి అనుసరణ శిఖరాన్నీ లోయనూ పట్టుకోదు. రెండింటి మధ్యనున్న దారిలో కొంత భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది.

ధోరణులు ఎందుకు పుడతాయి?

ధరలు అందుబాటులో ఉన్న సమాచారాన్నంతా వెంటనే ఇముడ్చుకుంటాయని ఆర్థిక శాస్త్రంలో ఒక ప్రసిద్ధ వాదన ఉంది. దాన్ని బలంగా ప్రతిపాదించిన యూజీన్ ఫామాకు 2013లో నోబెల్ పురస్కారం వచ్చింది. ఆ వాదన పూర్తిగా నిజమైతే పాత ధరలు చూసి లాభం పొందడం కుదరదు. ధోరణులు ఉంటాయనేవారు దీనికి రెండు రకాల కారణాలు చూపిస్తారు.

మొదటి కారణం భౌతికమైనది. ధర పెరిగిందని బైలడిల్లాలో రేపే రెట్టింపు ఖనిజం తవ్వలేరు. కొత్త గనికి అనుమతులు కావాలి, యంత్రాలు కావాలి, రైలు మార్గానికి అంత బరువు మోసే సత్తా ఉండాలి. వీటికి ఏళ్ళు పడుతుంది. ఆ లోగా కొరత కొనసాగుతుంది, ధర పెరుగుతూ పోతుంది. అందరి కొత్త గనులూ ఒకేసారి పూర్తయ్యాక సరఫరా పొంగుతుంది, ధర దిగుతూ పోతుంది. పెట్టుబడి పెట్టిన గనిని మూసుకోవడమూ తేలిక కాదు. 2011 తర్వాతి పతనంలో చైనా గిరాకీ నెమ్మదించడంతో పాటు, ఆస్ట్రేలియా విస్తరణలన్నీ కలిసి రావడం ఒక ముఖ్య కారణం.

రెండో కారణం మనుషుల మనసుల్లో ఉంది. కొత్త వార్త వచ్చినా పాత ధరే చాలామంది తలలో పాతుకుపోయి ఉంటుంది. అందుచేత ధర ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా కొత్త స్థాయికి చేరుతుంది. లాభం కనిపించగానే తొందరపడి అమ్ముకోవడం, నష్టం వచ్చినదాన్ని మాత్రం ఎప్పటికైనా కోలుకుంటుందని వదలకపోవడం మనిషి స్వభావం. 1985లో హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే పరిశోధకులు ఈ అలవాటును వివరించారు. దీనివల్ల కూడా ధర కదలిక నెమ్మదిస్తుంది. ఇక ధోరణి అందరికీ కనిపించాక గుంపు వచ్చి చేరుతుంది. అప్పుడు ధర ఉండవలసిన చోటును దాటిపోయి, చివరికి వెనక్కి తిరుగుతుంది.

బొమ్మా బొరుసూ చేసే మాయ

కనిపించిన ప్రతి వరుసా ధోరణి కాదు. ఒక రూపాయి నాణెం 20 సార్లు ఎగరేస్తే, వరుసగా నాలుగు బొమ్మలో నాలుగు బొరుసులో కనీసం ఒక్కసారైనా పడే అవకాశం నూటికి సుమారు 77. నాణేనికి జ్ఞాపకం లేదు. అయినా వరుసలు కనిపిస్తాయి. ధరల పటం ముందు కూర్చున్నవారి కన్ను ఇలాంటి యాదృచ్ఛిక వరుసల్ని కూడా ధోరణులుగా చదువుతుంది. అందుకే ఒక్క వస్తువు, ఒక్క ఏడాది పటం చూపించి ఈ పద్ధతి పనిచేస్తుందనడం శాస్త్రం కాదు. ఎన్నో వస్తువుల మీద, ఎన్నో ఏళ్ళ మీద, ఖర్చులు తీసేసి పరీక్షించాలి.

అలాంటి పరీక్షలు జరిగాయి. 1993లో నరసింహన్ జెగదీష్, షెరిడన్ టిట్‌మన్ అమెరికా షేర్లను పరిశీలించారు. గడచిన కొన్ని నెలల్లో బాగా పెరిగిన షేర్లు తర్వాతి 3 నుంచి 12 నెలల్లో కూడా, వెనకబడిన షేర్ల కంటే సగటున ముందున్నాయని చూపించారు. 2012లో మోస్కోవిట్జ్, ఊయ్, పెడర్సన్ అనే ముగ్గురు షేర్ సూచీలు, కరెన్సీలు, సరుకులు, బాండ్లకు చెందిన 58 ఫ్యూచర్స్, ఫార్వర్డ్ ఒప్పందాలను పరీక్షించారు. గడచిన ఏడాది పెరిగినది తర్వాతి కొన్ని నెలలు పెరగడానికీ, తగ్గినది తగ్గడానికీ మొగ్గు ఉందని తేల్చారు. ఆ మొగ్గు ఏడాది దాటాక కొంతవరకు వెనక్కి తిరుగుతుందని కూడా చెప్పారు. ఇవన్నీ సగటులు. ఏ ఒక్క వస్తువుకైనా, ఏ ఒక్క ఏడాదికైనా హామీలు కావు.

పద్ధతి నడిచిన దారి

నష్టాన్ని తొందరగా తెంచుకోవాలి, లాభాన్ని సాగనివ్వాలి అన్న సూత్రం 19వ శతాబ్దిలోనే ప్రచారంలో ఉంది. దాన్ని ఆర్థికవేత్త డేవిడ్ రికార్డోకు ఆపాదిస్తారు. దానికి అంకెల రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన రిచర్డ్ డాంచియన్. ఆయన 1949లో ప్రజల సొమ్ముతో ఫ్యూచర్స్ వ్యాపారం చేసే నిధిని ప్రారంభించాడు. నాలుగు వారాల గరిష్ఠ ధరను దాటితే కొనాలి, నాలుగు వారాల కనిష్ఠానికి దిగితే అమ్మాలి అన్న సరళమైన నియమం ఆయన పేరుతో నిలిచింది.

1983లో షికాగో వ్యాపారి రిచర్డ్ డెన్నిస్, ఆయన భాగస్వామి విలియం ఎకార్ట్ ఒక పందెం కాశారు. మంచి వ్యాపారి పుట్టుకతో వస్తాడా, తయారు చేయవచ్చా అన్నది పందెం. పత్రికా ప్రకటనలిచ్చి కొందరిని ఎంచుకుని, సుమారు రెండు వారాలు నియమాలు నేర్పి, సొమ్మిచ్చి వ్యాపారానికి దించారు. 20 రోజుల, 55 రోజుల గరిష్ఠాలను దాటినప్పుడు కొనడం ఆ నియమాల్లో ప్రధానం. తాబేళ్ళు అని పిలిచిన ఆ శిష్యుల్లో కొందరు బాగా గడించారు. అందరికీ నేర్పిన నియమాలు ఒకటే అయినా ఫలితాలు ఒకటి కాలేదు. నియమం తెలియడం వేరు, వరుసగా నష్టాలు వస్తున్నప్పుడు కూడా దాన్ని పాటించడం వేరు.

ఎక్కువసార్లు ఓడి, మొత్తం మీద నిలవడం

ఈ పద్ధతిలో ఓటములే ఎక్కువ. ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. పది లావాదేవీల్లో ఏడింటిలో తలా 1,000 రూపాయలు నష్టం, మొత్తం 7,000. మిగిలిన మూడింటిలో 2,000, 4,000, 9,000 లాభం, మొత్తం 15,000. నికరంగా 8,000 మిగిలింది. ఇందులో నుంచి బ్రోకరేజీ, పన్నులు పోవాలి. ఆ 9,000 ఇచ్చిన ఒక్క లావాదేవీని భయపడి ముందే మూసేస్తే, లేదా అంతకు ముందు వరుస నష్టాలతో విసిగి దాన్ని వదిలేస్తే, మొత్తం లెక్క తలకిందులవుతుంది.

సాధారణ సూత్రం ఇది. నూటికి 35 సార్లు మాత్రమే గెలిచేవారు నష్టపోకుండా ఉండాలంటే, సగటు లాభం సగటు నష్టానికి కనీసం 1.86 రెట్లు ఉండాలి. 65ను 35తో భాగిస్తే వచ్చే అంకె అది. కాబట్టి ఎన్నిసార్లు గెలిచారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. గెలిచినప్పుడు ఎంత, ఓడినప్పుడు ఎంత అన్నది కూడా అడగాలి.

ఇక ఎంత పెట్టాలి అన్న ప్రశ్న. 5,00,000 రూపాయల మూలధనం ఉన్నవారు ఒక్కో లావాదేవీలో 1 శాతం, అంటే 5,000 మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారనుకుందాం. కొన్న ధరకు 250 రూపాయలు కింద అమ్మేయాలని గీత గీసుకుంటే 20 యూనిట్లు కొనవచ్చు. మార్కెట్ ఊగిసలాట పెరిగి ఆ గీతను 500 దూరంలో పెట్టవలసి వస్తే 10 యూనిట్లే కొనాలి. మార్కెట్ ఎంత ఎక్కువగా ఊగుతుంటే పెట్టుబడి అంత తగ్గాలి.

వరుసగా పది ఓటములు వస్తే ఏమవుతుంది? ప్రతిసారీ మిగిలిన సొమ్ములో 1 శాతం పోతే, పదో ఓటమి తర్వాత 90 శాతానికి పైగా మిగులుతుంది. ప్రతిసారీ 10 శాతం పోతే 35 శాతమే మిగులుతుంది. అక్కడి నుంచి మొదటి స్థాయికి చేరాలంటే దాదాపు 187 శాతం లాభం రావాలి. నియమం రెండు చోట్లా ఒకటే. ఒకరు నిలిచారు, ఒకరు మునిగారు. తేడా పెట్టిన మొత్తంలో ఉంది.

పద్ధతి తడబడే చోట్లు

ధర ఒక దిక్కుకు పోకుండా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు ఈ పద్ధతి రక్తం కోల్పోయినట్టు కొద్దికొద్దిగా సొమ్ము కోల్పోతుంది. పెరుగుతోందని కొంటే తగ్గుతుంది, తగ్గుతోందని అమ్మితే పెరుగుతుంది. ఇనుప ఖనిజం పతనమైన కాలంలో కూడా దారి నున్నగా లేదు. 2012 సెప్టెంబరులో 90 డాలర్ల కిందికి దిగిన ధర 2013 ఫిబ్రవరికల్లా 150 దాటింది, మళ్ళీ దిగింది. 2016 మార్చి 7న ఒక్క రోజులోనే దాదాపు 19 శాతం ఎగిసింది. అన్నేళ్ళ పతనాన్ని నమ్ముకుని ముందే అమ్మి ఉన్నవారికి ఆ రోజు పెద్ద దెబ్బ.

మరో ప్రమాదం ప్రభుత్వ నిర్ణయం. 2022 మే 21, శనివారం సాయంత్రం కేంద్రం ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కొన్ని ఉక్కు ఉత్పత్తుల మీద కూడా సుంకం వేసింది. సోమవారం మార్కెట్ తెరవగానే ఎన్‌ఎండీసీతో సహా ఉక్కు, గనుల కంపెనీల షేర్లు భారీగా పడ్డాయి. శుక్రవారం ధరకు కాస్త కింద స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికి ఆ ధర దొరకనే లేదు. శుక్రవారం ధరకూ సోమవారం ధరకూ మధ్య ఉన్న గోతిని ఏ నియమమూ పూడ్చలేదు. ఆ సుంకాన్ని అదే ఏడాది నవంబరులో చాలావరకు వెనక్కి తీసుకున్నారు.

పద్ధతిగా చూస్తే కూడా దీనికి మంచి కాలాలు, చెడ్డ కాలాలు ఉన్నాయి. 2008లో ప్రపంచ షేర్ మార్కెట్లు కూలినప్పుడు ధోరణిని అనుసరించే నిధులు లాభాలు చూశాయి. ఆ తర్వాతి దశాబ్దంలో చాలా ఏళ్ళు నీరసంగా గడిచాయి. 2022లో ధరలు, వడ్డీ రేట్లు సాగుతూ పెరిగినప్పుడు మళ్ళీ లాభాలు వచ్చాయి.

రుతువు వేరు, ధోరణి వేరు

బస్తర్‌లో ఇనుముతో పాటు చింతపండు కూడా పెద్ద వ్యాపారమే. జగ్దల్‌పూర్ దేశంలోని పెద్ద చింతపండు మార్కెట్లలో ఒకటి. ఎండాకాలం ముందు నుంచి అడవి పల్లెల్లో సేకరించిన పండు వారపు సంతలకు వస్తుంది. అక్కడి నుంచి దక్షిణాది రాష్ట్రాలకు కూడా వెళుతుంది. పండు ఒకేసారి వచ్చిపడే నెలల్లో ధర తగ్గడం, తర్వాత పెరగడం మామూలే. ఇది ధోరణి కాదు, రుతుచక్రం. ఏటా వచ్చేదే కాబట్టి అందరికీ ముందే తెలుసు. శీతల గిడ్డంగి అద్దె, వడ్డీ, తరుగు లెక్కేస్తే ఆ తేడాలో చాలా భాగం ఖర్చుల కిందే పోతుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ధోరణిని అనుసరించాలంటే ఆగగల శక్తి ఉండాలి. సంతకు బుట్టతో వచ్చిన సేకరణదారు ఆ పూట ఉప్పు, నూనె కొనుక్కుని పోవాలి. ధర పెరుగుతోందని తెలిసినా పండు వెనక్కి మోసుకుపోయే వీలు వారికి తక్కువ. అందుకే ఇలాంటివారికి పటాల కంటే ధరకు కింద ఒక నేల అవసరం. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు 2013-14లో మొదలైన కనీస మద్దతు ధర పథకం ఉద్దేశం అదే.

కొండ కదల్లేదు

వ్యాపారి ధోరణి తిరగబడగానే అమ్మి బయటపడగలడు. కొండ అలా చేయలేదు. జిల్లా కూడా అలా చేయలేదు. ఇనుప ఖనిజం మీద ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీ 2014 నుంచి సగటు అమ్మకపు ధరలో 15 శాతం. 2015 చట్ట సవరణ ప్రకారం, అంతకు ముందే ఇచ్చిన గని లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలి. గనుల ప్రభావం పడిన ఊళ్ళలో తాగునీరు, వైద్యం, చదువు వంటి వాటికి ఆ నిధిని ఖర్చు చేయాలి.

ఉదాహరణకు సగటు ధర టన్నుకు 5,000 రూపాయలనుకుంటే రాయల్టీ 750, జిల్లా నిధికి 225. ధర 3,000కు దిగితే రాయల్టీ 450, జిల్లా నిధికి 135. తవ్వింది అదే టన్ను, లేచిన ఎర్రదుమ్ము అదే దుమ్ము. నిధికి వచ్చింది మాత్రం 90 రూపాయలు తక్కువ. ధర శిఖరాన ఉన్న ఏడాది చూసి ఆశ్రమ పాఠశాలకు కొత్త భవనం, ఆసుపత్రికి కొత్త సిబ్బంది ఒప్పుకుంటే, ధర దిగిన ఏడాది జీతాలకు వెతుక్కోవాలి.

రాగి మీద బతికే చిలీ దేశం ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టింది. 2001 నుంచి ఆ దేశం తన బడ్జెట్‌ను ఆ ఏటి రాగి ధర మీద కాక, స్వతంత్ర నిపుణులు అంచనా వేసిన దీర్ఘకాలిక ధర మీద ఆధారపడి వేస్తుంది. ధర అంతకు మించిన ఏళ్ళలో దాచుకోవడం, తగ్గిన ఏళ్ళలో వాడుకోవడం దాని సారాంశం. చూడబోతే వ్యాపారి వాడేదీ, ఈ బడ్జెట్ వాడేదీ ఒకే పరికరం. ఎగుడుదిగుళ్ళను చదును చేసే దీర్ఘకాలిక సగటు. వ్యాపారి దాన్ని చూసి ఎప్పుడు వెళ్ళిపోవాలో తెలుసుకుంటాడు. వెళ్ళిపోలేనివారు దాన్ని చూసి ఎంత ఖర్చుపెట్టాలో తెలుసుకుంటారు.

ఫోన్ తెర ముందున్నవారికి

నేడు విశాఖలోనైనా జగ్దల్‌పూర్‌లోనైనా చేతిలో ఫోన్ ఉన్నవారు నిమిషంలో షేర్లు, ఫ్యూచర్స్ కొనగలరు. నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని నడిపే ఎన్‌ఎండీసీ స్టీల్ షేర్లు 2023 ఫిబ్రవరి నుంచి మార్కెట్లో ఉన్నాయి. అంటే బస్తర్ కొండల భవితవ్యం మీద ఎవరైనా పందెం కాయవచ్చు. ఖచ్చితమైన ట్రెండ్ సూత్రాలు అమ్ముతామనే ప్రకటనలకూ లోటు లేదు. వాటి పక్కన పెట్టి చూడవలసిన అంకె ఒకటి ఉంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో షేర్ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం మనిషికి సుమారు 2 లక్షల రూపాయలు.

ఎవరైనా ట్రెండ్ పద్ధతి చెబితే అడగవలసిన ప్రశ్నలు తేలికైనవే. ఎన్ని వస్తువుల మీద, ఎన్ని ఏళ్ళ మీద పరీక్షించారు? ఖర్చులూ పన్నులూ తీసేశారా? వరుసగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని ఓటములు వచ్చాయి, అప్పుడు మూలధనంలో ఎంత పోయింది? మార్కెట్ మూసి ఉన్నప్పుడు ధర దూకితే ఏం చేస్తారు? వీటికి అంకెలతో జవాబు రాకపోతే అక్కడ పద్ధతి లేనట్టే. జవాబు వచ్చినా, ఇంటి అవసరాలకు పక్కన పెట్టిన సొమ్మునో అప్పు తెచ్చిన సొమ్మునో దానిలో పెట్టకూడదు.

పెరిగే మార్కెట్‌ను ఎద్దుతో పోల్చడం షేర్ల భాషలో మామూలు. ఎద్దు మూపురం పేరే పెట్టుకున్న బైలడిల్లా మాత్రం ధర పెరిగినా తరిగినా ఉన్నచోటే ఉంటుంది. దాని నుంచి ఖనిజం తీసుకుని గూడ్సు బండి కిరండూల్ నుంచి కదులుతూనే ఉంటుంది. ఆ బండిలో ఉన్నదాని ధర వచ్చే ఏడాది ఎంతో ధోరణిని అనుసరించేవారు చెప్పలేరు. చెప్పగలమని వారు అనుకోరు కూడా. తప్పు చేసినప్పుడు తక్కువ పోగొట్టుకోవడం ఎలా అన్నదే వారి పద్ధతి నేర్పే అసలు పాఠం.